మేడ మీది వాటా డోర్ నంబరు

విజయవాడ వన్‌టౌన్‌లో కాలవ గట్టు వెనకాల ఒక సందుంది. చీకటి పడ్డాక ఆ సందులోకి ఆటో రాదు. "ఇక్కడే దిగిపోండమ్మా, లోపల బండి తిరగదు" అంటాడు ఆటోవాడు. తిరగక కాదు. గట్టిగా నిలదీస్తే గొంతు తగ్గించి ఒక్క మాట చెబుతాడు...

"మేడ మీద అమ్మాయుందండీ."

సందు చివర డాబా. కింద ఒక వాటా, పైన ఒక వాటా. పైన ఎవరూ కాపురం ఉండరు. ఉండరా... అయినా కాలవ వైపు కిటికీలో ఒక ఆడపిల్ల కనిపిస్తుందట. జుట్టు విరబోసుకుని ఉంటుందట. అర్ధరాత్రి చూశామన్నవాళ్ళున్నారు. తెల్లవారుజామున పాలకెళ్తూ చూశామన్నవాళ్ళున్నారు. పిలిస్తే పలకదట, రాయి విసిరితే కదలదట. రాయి విసిరిన వెధవ ఎవడో నాకు తెలిస్తే వాడి సంగతి వేరే చెబుదును.

ఇది రెండువేల నాలుగులో జరిగింది. కొంత ఉషశ్రీ అనే అమ్మాయి చెప్పింది. కొంత ఆ ఇంటావిడ నోటితోనే విన్నాను. ఇద్దరూ కోపంగానే చెప్పారు. మళ్ళీ చెబుతుంటే నాకూ ఒళ్ళు మండుతుంది, కాబట్టి మధ్యలో ఒక మాట తూలితే ఏమనుకోకండి.

ఆ ఇంటావిడ పేరు పెద్దింట్లమ్మ. కొల్లేటి పక్క మనిషి. మొగుడు పేరయ్య పోయాక పసిపిల్లని చంకనేసుకుని బెజవాడ వచ్చింది. చేపల మార్కెట్లో తట్ట పెట్టుకుని కూర్చుంది. ఆ తట్ట మీదే పిల్లని చదివించింది, ఆ తట్ట మీదే డాబా కట్టింది. పైన వాటా కట్టించింది కూతురి కోసం. చదువుకునే పిల్లకి కింద నీచు వాసన తగలకూడదని.

కూతురు పద్మశ్రీ. కంప్యూటర్ డిప్లొమా చదివేది. పైన రెండు గదుల్లో వీధి వైపు చిన్న గదిలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి పెట్టించుకుంది. పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో, జ్వరమొచ్చింది. ఆసుపత్రి మెట్లెక్కేలోపే అయిపోయింది.

పెద్దింట్లమ్మ ఆ కంప్యూటర్ గదికి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుంది. మూడేళ్ళు తీయలేదు. ఈ మూడేళ్ళూ ఆవిడ రాత్రిళ్ళు ఎక్కడ పడుకునేదో తెలుసా? కింద, మెట్ల మొదట్లో, చాప మీద. వీధి తలుపుకి గడియ పెట్టేది కాదు.

దొంగల భయం లేదా అంటే లేదు. ఆవిడ భయమల్లా ఒకటే... పిల్ల వస్తే గడియ తీసుకోలేక వెనక్కి పోతుందేమోనని.

నవ్వొస్తే బయటికెళ్ళి నవ్వండి. ఆ తల్లి మూడేళ్ళు ఎదురుచూసింది. దెయ్యమైతే దెయ్యమే, గాలైతే గాలే, ఒక్కసారి రావే అని రోజూ ఆ చీకట్లోకి పిలిచి మరీ పడుకునేది. రాలేదు. కలలోకి కూడా రాలేదు.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు మార్కెట్లో పక్క తట్ట మార్త వచ్చి, చుట్టూ చూసి, చెవిలో ఊదింది.

"ఏమనుకోకు పెద్దింట్లూ... మీ పద్మ కంప్యూటర్లో కనపడుతోందంట."

"ఏంటే?"

"మీ సందులో కృష్ణారావు నెట్ సెంటరు లేదూ, అందులో. మా వాడు చూసొచ్చాడు. మీ మేడ కిటికీలో నిలబడుందంట. వారం వారం కొత్త ఫోటో పెడతారంట. సైటు పేరు కూడా ఏదో ఉందే... ఆఁ, మేడమీదమ్మాయి డాట్ కామ్."

పెద్దింట్లమ్మ చేతిలో చేప జారి నీళ్ళలో పడింది. పక్కన బేరమాడుతున్న ఆయన కొరమీనేనా అని అడిగాడు. ఆవిడకి వినపడలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

బిడ్డని దెయ్యమన్నారని కోపం అనుకుంటున్నారా? మార్త కూడా అలాగే అనుకుంది. "పోనీలే, జనం నోళ్ళు మూయిస్తామా" అని ఊరుకోబెట్టబోయింది.

"ఎవరు ఏమనుకుంటే నాకేంటే!" అని కయ్యిమంది పెద్దింట్లమ్మ. "సందులో ప్రతి అడ్డమైనవాడికీ కనపడుతోందా? డబ్బులిచ్చి చూసేవాళ్ళకి కనపడుతోందా? మెట్ల కింద కుక్కలా కాచుకుని పడుకుంటే నాకు కనపడదా? నేనేం ద్రోహం చేశాను దానికి? ఎక్కడుందో చెప్పమను, వెళ్ళి చెంప పగలగొట్టి లాక్కొస్తాను!"

తట్ట మార్తకి అప్పజెప్పి, చేతులు కూడా కడుక్కోకుండా బయల్దేరింది.

ఆవిడ నేరుగా వెళ్ళింది ఉషశ్రీ దగ్గరికి. ఉష, పద్మ ఒకే బెంచీలో చదువుకున్నారు. ఉష ఇప్పుడు గవర్నర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకి జావా ప్రోగ్రామింగ్ చెబుతోంది. క్లాసు మధ్యలో గుమ్మంలో నిలబడ్డ పెద్దింట్లమ్మని చూసి సుద్దముక్క పక్కన పడేసి వచ్చింది.

"ఉషమ్మా, కంప్యూటర్లో ఒకళ్ళ పేరు తెలిస్తే వాళ్ళ అడ్రస్ పట్టుకోవచ్చా?"

"పట్టుకోవచ్చు ఆంటీ. ఎవరిది?"

చెప్పింది. పద్మ మీద సైటా! ఆ సంగతి ఉషకి తెలియనే తెలియదు.

ఉష కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం కొట్టింది. చిన్నదంటే చిన్నదే, పది లైన్లు కూడా లేదు. పెద్దింట్లమ్మ అది ఏం చేస్తుందని అడిగితే ఉష ఇలా చెప్పింది. "మార్కెట్‌కి చేపల లారీలొస్తాయి కదా ఆంటీ. ముందు అద్దం మీద ఏదో పేరు రాసుంటుంది. కానీ చెక్‌పోస్టులో రాసుకునేది నంబరే కదా. సైట్లూ అంతే. మనం పేరు కొడతాం, లోపల కంప్యూటర్లు వెతుక్కునేది నంబరుని. ఈ ప్రోగ్రాం పేరు తీసుకుని ఆ నంబరు అడిగి తెస్తుంది. ఆ నంబరే అడ్రస్."

సైటు పేరు కొట్టింది. మిషన్ కాసేపు ఆలోచించి ఒక ఇంగ్లీషు ముక్క చూపించింది.

"ఏమంటోంది?"

"తెలియని మనిషంటోంది ఆంటీ. ఆ పేరుతో ఎవరూ లేరంట."

"తెలియకపోవడమేంటే దాని మొహం! నా కూతురు!"

ఉష మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఇక్కడ లైను సరిగా లేదేమో, కృష్ణారావు సెంటర్లోనే చూద్దామని ఇద్దరూ బస్సెక్కారు.

సందులోకి వచ్చేసరికి పొద్దుగూకింది. వెంకటకృష్ణారావుది మొదట కేబుల్ టీవీ వ్యాపారం. ఆ తీగల పక్కనే నెట్ తీగలు కూడా లాగి సందంతా కనెక్షన్లిచ్చాడు. ఇంటి ముందు గదిలో సెంటరు పెట్టాడు. చెక్క అరలు, ఒక్కో అరకి ఒక పరదా. ఆ సాయంత్రం ప్రతి పరదా వెనకా ఇద్దరేసి ముగ్గురేసి కుర్రాళ్ళు. పెద్దింట్లమ్మ లోపలికి అడుగుపెట్టగానే గుసగుసలు టక్కున ఆగిపోయాయి.

కృష్ణారావు బల్ల దగ్గర్నుంచి లేచాడు. "రండి రండి పెద్దింట్లమ్మగారూ... ఏంటమ్మా ఉషా, మెయిల్ చూసుకోవాలా?" అన్నాడు. గొంతు కొంచెం తడబడింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

చివరి అరలో కూర్చున్నారు. ఉష ఆ పేరు కొట్టింది. ఇక్కడ వెంటనే వచ్చింది... నల్లటి పేజీ, మధ్యలో ఒక ఫోటో.

చీకటి గది. నీలం కిటికీ రెక్కలు. కిటికీలో ఒక ఆడ మనిషి వీపు. నడుం దాటిన జుట్టు. మొహం లేదు.

పెద్దింట్లమ్మ తెర మీద చెయ్యి పెట్టింది. కిటికీ తనదే. ఆ రెక్కలకి రంగేయించింది తనే. ఆ జుట్టు... పద్మది అలాంటి జుట్టే, నల్లగా, బరువుగా.

"ఇటు తిరగవే" అంది రహస్యంగా. "ఒక్కసారి ఇటు తిరుగు. వీళ్ళందరికీ వీపు చూపిస్తావు, నాకు మొహం చూపించలేవా?"

ఉష కళ్ళు తుడుచుకుని ప్రోగ్రాం మళ్ళీ కొట్టింది. అదే పేరు ఇచ్చింది. ఈసారి మిషన్ ఆలోచించలేదు. ఒక్క లైను చూపించింది...

10.1.12.7

"వచ్చింది ఆంటీ... కానీ ఇదేంటి, పదితో మొదలైంది? ఇలాంటి నంబరు బయట ప్రపంచంలో ఎక్కడా ఉండదు. లోపల లైన్లలోనే వాడతారు. అంటే ఆ సైటు ఏ అమెరికాలోనో లేదు... ఈ తీగ మీదే ఎక్కడో... ఈ సందులోనే..."

పెద్దింట్లమ్మ వినడం లేదు. ఆవిడకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పెదాలు కదుపుతూ ఆ అంకెల్ని చదువుకుంటోంది. పది... ఒకటి... పన్నెండు... ఏడు.

"సందులో ఏంటే" అంది. "ఇది మా డోర్ నంబరు."

"కాదు ఆంటీ, ఇది డోర్ నంబరు కాదు. చుక్కలున్నాయి చూడండి, ఇది వేరే..."

"చుక్కలైతేనేం, గీతలైతేనేం! పది, ఒకటి, పన్నెండు, బై ఏడు. కింద వాటా బై ఆరు. మేడ మీది వాటా బై ఏడు. కరెంటు బిల్లు మీద చూస్తున్నాను కదే నెలనెలా!"

బెజవాడలో ఏ ఇంటి నంబరైనా అలాగే ఉంటుంది, నిజమే. కానీ కంప్యూటర్ చెప్పే నంబరుకీ, ఇంటి గుమ్మం మీది నంబరుకీ ఏ సంబంధమూ ఉండదు. ఉండకూడదు. ఆ మాట ఉష రోజూ పిల్లలకి చెబుతుంది. అయినా ఆ అంకెల్ని మళ్ళీ ఒకసారి చదువుకుంది.

"ఇంట్లోనే ఉంది" అంది పెద్దింట్లమ్మ లేస్తూ. "మూడేళ్ళనుంచి ఇంట్లోనే ఉంది. ఆ కంప్యూటర్ గదిలో... నేనే తాళమేసి పెట్టాను దాన్ని!"

అప్పుడే కరెంటు పోయింది.

ఆ చీకట్లో పెద్దింట్లమ్మ పరుగులాంటి నడక, వెనకాల ఉష. సందులో ఒక్క దీపం లేదు. కాలవ మీంచి గాలి మాత్రం గట్టిగా వీస్తోంది. ఇంటి తలుపు తోసి, అగ్గిపుల్ల గీసి, గూట్లో ఉన్న కొవ్వొత్తి వెలిగించింది. మెట్లెక్కారు. చిన్న గది తలుపు ముందు నిలబడ్డారు.

లోపల్నుంచి చప్పుడు.

టక్... టక్...

ఉష పెద్దింట్లమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు తనకి బాగా తెలుసు. ఎవరో కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నట్టు... ఆగి ఆగి...

టక్... టక్ టక్...

"కరెంటు లేదు కదా ఆంటీ" అని గొణిగింది ఉష. "కరెంటు లేకుండా ఎలా..."

"పద్మా" అంది పెద్దింట్లమ్మ, తలుపుకి నోరు ఆనించి. "నువ్వేనా?"

చప్పుడు ఆగింది.

మొలలోంచి తాళంచెవి తీసింది. తుప్పు పట్టిన తాళం ఒక పట్టాన రాలేదు. బూతు తిట్టి, చీర కొంగు చుట్టి బలంగా తిప్పింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. కొవ్వొత్తి మంట పడుకుని మళ్ళీ లేచింది.

కుర్చీ ఖాళీ. బల్ల మీద కంప్యూటరు, దాని మీద పద్మ కప్పిన తువ్వాలు, తువ్వాలు మీద మూడేళ్ళ దుమ్ము. దుమ్ములో ఎక్కడా వేలి ముద్ర లేదు.

టక్... టక్...

కిటికీ దగ్గర. ఉష కొవ్వొత్తి అటు తిప్పింది. వీధి కిటికీ రెక్క సందులోంచి లోపలికొచ్చిన నల్ల తీగ. ఒకప్పుడు పద్మ కంప్యూటర్‌కి తగిలించిన నెట్ తీగే. కిటికీ బయట సగానికి కోసేసి ఉంది. ఆ కోసిన మొన గాలికి ఊగి రెక్కకి తగులుతోంది, టక్ టక్ మంటూ. అంతే.

పెద్దింట్లమ్మ కుర్చీలో కూలబడింది. ఉష తీగని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. తర్వాత తనకి తట్టింది. తట్టగానే మొహం ఎర్రబడింది.

"ఆంటీ, మీరు చెప్పిందే నిజం. అది డోర్ నంబరే. కృష్ణారావు కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఏ ఇంటి మిషన్‌కి ఆ ఇంటి డోర్ నంబరే పెట్టేస్తున్నాడు, తీగలు చూసుకోవడానికి తేలిగ్గా ఉంటుందని. ఇది మన పద్మకిచ్చిన నంబరు. తీగ కోసేసి, ఆ నంబరు తీసుకుపోయి తన మిషన్‌కి పెట్టుకున్నాడు. సైటు పేరు కూడా తన సెంటర్లో మిషన్లకి మాత్రమే తెలిసేలా పెట్టుకున్నాడు. అందుకే నా దగ్గర తెలియని మనిషంది. దెయ్యాన్ని చూడాలంటే ఊరంతా ఆయన కొట్టుకే రావాలి!"

పెద్దింట్లమ్మ లేచి, ఆ తీగని చేతికి చుట్టుకుని లాగింది. కిటికీ మేకులు ఊడొచ్చాయి. వీధిలో ఎక్కడో రేకు మీద దబ్బుమని ఏదో పడింది. మిగిలిన తీగ చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

వాళ్ళు సెంటరు చేరేసరికి కరెంటు వచ్చింది. కుర్రాళ్ళు మళ్ళీ పరదాల వెనక చేరారు.

"కృష్ణారావు గారూ" అంది పెద్దింట్లమ్మ. చాలా మెల్లిగా అంది. "ఈ తీగ మీదేనాండీ?"

కృష్ణారావు తీగ చూశాడు, ఉషని చూశాడు. "అదేనండీ... అమ్మాయి పోయాక ఎవరూ వాడటం లేదు కదా. ఖాళీ నంబరు కదా అని..."

"ఖాళీయా?" ఆ కేక సందు మొదటి దాకా వినపడిందట. "నా కూతురు నంబరు నీకు ఖాళీయా? ఏరా, చచ్చిపోయిన పిల్లని కిటికీలో నిలబెట్టి టికెట్టు పెట్టి చూపిస్తావా? సిగ్గు లేదురా నీకు? అది నీ సెంటర్లోనే కదరా టైపు నేర్చుకుంది! అంకుల్ అంకుల్ అని పిలిచేది కదరా నిన్ను!"

తీగతో ఒక్కటి తగిలించింది. భుజం మీద పడింది. కృష్ణారావు తప్పించుకోలేదు. పరదాలన్నీ తెరుచుకున్నాయి. ఒక్కడికీ అడ్డం వచ్చే ధైర్యం లేదు.

"తప్పేనండీ, డబ్బుకి కక్కుర్తి పడ్డాను, తప్పే" అన్నాడు చేతులు జోడించి. "కానీ నేను కల్పించలేదండీ, మా పిల్లల మీద ఒట్టు. మా డాబా మీంచి నా కళ్ళతో చూశాను. చాలాసార్లు చూశాను. కనపడితేనే తీశాను."

తీగ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వు చూశావా?"

"చూశానండీ."

"నీకు... కనపడిందా?"

ఆ అడగడం ఉష ఎప్పటికీ మర్చిపోలేనంది. అంత కోపంలోనూ ఆ గొంతు అడుక్కుంటోంది.

"చూపించు" అంది పెద్దింట్లమ్మ. "నువ్వు తీసినవన్నీ చూపించు. పెద్దగా చూపించు."

వెనక గదిలో కృష్ణారావు సొంత మిషన్ ఉంది. కెమెరాలోంచి ఎక్కించినవి ఎక్కించినట్టే ఉన్నాయి. సైట్లో పెట్టడానికి వాటిని చిన్నవి చేసి, నల్లబరిచి, మసకేశాడు. అసలు ఫోటోలు తెర నిండా వచ్చాయి. అర్ధరాత్రి కాదు, మునిమాపు వేళ తీసినవి. మొదటిది వీపు. రెండోది వీపు. మూడో దాంట్లో మనిషి కొంచెం పక్కకి తిరిగి, చెయ్యెత్తి, జుట్టు వెనక్కి తోసుకుంటోంది.

పెద్దింట్లమ్మ ముందుకి వంగింది.

ఎత్తిన చేతి మీద, మోచేతి కింద, పచ్చబొట్టు. చేప బొమ్మ, చుట్టూ చుక్కలు. చిన్నప్పుడు కొల్లేటి గట్టు మీద వాళ్ళమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని పొడిపించింది.

"ఇది నేను" అంది.

తన చెయ్యి చాపి తెర పక్కన పెట్టింది.

"ఇది నేనే. మార్కెట్ నుంచొచ్చి, నీచు పోయేలా తలంటుకుని, పైన కాలవ వైపు గదిలో కూర్చుని తల ఆరబెట్టుకుంటాను. అక్కడ గాలొస్తుంది. రోజూ కూర్చుంటాను."

చూడండి ఎంత చోద్యమో. మన వీపు మనం ఎప్పుడైనా చూసుకున్నామా? ఆవిడకి అప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పదిహేడేళ్ళకే తల్లయింది, ఆ తర్వాత అద్దంలో బొట్టు పెట్టుకోవడానికి తప్ప తనని తాను చూసుకోలేదు. సందంతా పెద్దమ్మా అనే పిలుస్తుంది. వెనకనుంచి చూస్తే తను ఇంకా ఆడపిల్లలా ఉంటుందని ఆవిడకి ఎవరు చెబుతారు?

గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఉష వాడి వైపు చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే చచ్చింది.

"అయితే..." అంది పెద్దింట్లమ్మ. చేతిలో తీగ కింద పడిపోయింది. "అయితే రాలేదన్నమాట. ఎవ్వరికీ కనపడలేదన్నమాట."

కోపం పోతే ఆ మనిషిలో ఇంకేమీ మిగల్లేదు. ఉషకి అది చూడబుద్ధి కాలేదు. కృష్ణారావు మీద విరుచుకుపడింది. "తీసేయండి! అన్నీ తీసేయండి, నా కళ్ళ ముందు!" కృష్ణారావు ఒక్కొక్కటీ చెరిపేశాడు. చివరికి ఒక్కటి మిగిలింది.

"అదేంటి?"

"అది పాడైపోయిందమ్మా. నా చెయ్యి కదిలినట్టుంది. అందుకే సైట్లో పెట్టలేదు."

"తెరవండి."

తెరిచాడు.

అదే కిటికీ. పెద్దింట్లమ్మ పక్కవాటుగా కూర్చుని ఉంది. మొహం స్పష్టంగా ఉంది. తల కొంచెం వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, కునుకు పట్టినట్టుంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. ఎడం చేతి మీద పచ్చబొట్టు కూడా కనపడుతోంది.

జుట్టు వెనకాల ఇంకో చెయ్యి.

సన్నటి మణికట్టు. గాజులు. వేళ్ళ మధ్య దువ్వెన. ఆ దువ్వెన పళ్ళు జుట్టులో సగం దాకా దిగి ఉన్నాయి. మోచేతి దాకానే కనపడుతోంది, ఆ పైన అంతా చీకటి. ఆ చేతి మీద పచ్చబొట్టు లేదు.

"వెలుగు పడిందేమో ఆంటీ..." అంది ఉష. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "రెండు ఫోటోలు ఒకదాని మీదొకటి పడ్డాయేమో... ఒక్కోసారి కెమెరాలో..."

పెద్దింట్లమ్మ చెయ్యి నెమ్మదిగా తన తల మీదికి వెళ్ళింది. ముడి విప్పింది. వేళ్ళు జుట్టులో దూర్చి కిందికి లాగింది. నడుం దాకా, ఎక్కడా ఆగకుండా, జారిపోయాయి. ఒక్క చిక్కు లేదు.

"ఉషా" అంది రహస్యంగా. "దానికి జ్వరమొచ్చిన రోజు నుంచి నేను దువ్వెన పట్టుకోలేదే."

కృష్ణారావు గోడకి అంటుకుపోయాడు.

అప్పుడు పేలింది పెద్దింట్లమ్మ. కృష్ణారావు మీద కాదు. ఆ తెర మీద.

"ఓసి నీ... ఎన్నాళ్ళనుంచే? ఎన్నాళ్ళనుంచి వస్తున్నావే ముండా! నేను కింద మెట్ల దగ్గర పడి ఏడుస్తుంటే, నువ్వు పైన కూర్చుని దువ్వుతున్నావా? వచ్చినదానివి అమ్మా అంటే నోరు అరిగిపోతుందా? భుజం మీద తట్టితే చెయ్యి విరిగిపోతుందా? మూడేళ్ళే! మూడేళ్ళు కొంప తలుపులు తీసి పెట్టాను కదే!"

తిడుతూనే ఉంది. కళ్ళమ్మట ధారలు. ఉష బతిమాలి ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఫోటో ఉంచమనాలో చెరిపేయమనాలో తనకి తెలియలేదు. కృష్ణారావు మాత్రం ఆ రాత్రే సెంటరు మూసి తాళం వేశాడు.

మర్నాడు సాయంత్రం కోచింగ్ అయిపోగానే ఉష ఆవిడని చూద్దామని వచ్చింది. వీధి తలుపు తీసే ఉంది. మెట్ల మొదట్లో చాప లేదు. పైన కాలవ వైపు గదిలోంచి పెద్దింట్లమ్మ గొంతు వినపడుతోంది. ఉష మెట్ల మధ్యలో ఆగిపోయింది. పైన ఇంకో మనిషి అలికిడి లేదు. ఆవిడ ఒక్కతే ఎవర్నో దులిపేస్తోంది.

"మెల్లిగా లాగవే, తల ఊడొస్తోంది! ఇన్నాళ్ళూ పిల్లిలా దువ్వావుగా, ఇప్పుడేం తొందరొచ్చింది నీకు? మాట్లాడకు. నాతో మాట్లాడకు నువ్వు. నీ మీద నా కోపం ఈ జన్మకి తీరదు..."

అంతలోనే ఆ గొంతు మెత్తబడింది.

"ఆఁ... అక్కడే. చెవి వెనకాల."